పోలీసువారి టేపు – మన సాక్ష్యం

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడూ యీ సభలో చదువుల గురించి, ఉపకార వేతనాల గురించి, పెళ్లి ఖర్చుల గురించి మాట్లాడుకుంటాం. యీ యేడు కార్యవర్గంవారు మాకు అప్పగించిన విషయం కాస్త కొత్తది. "మాస్టర్ సాబ్, పోలీసులకు ఫోను చేస్తే మన మాటలన్నీ రికార్డు అవుతాయంటున్నారు. వాళ్ల వైర్‌లెస్ మాటలూ రికార్డు అవుతాయట. యిది మనకు మేలా, కీడా? అందరికీ అర్థమయ్యేట్టు చెప్పండి" అన్నారు. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. వకీళ్లం కాము, ఇంజనీర్లం అంతకన్నా కాము. కాని తెలిసిన సంగతులను ఒక వరసలో పెట్టి చెప్పటం ఉపాధ్యాయుడి పని గనుక ఒప్పుకున్నాం.

ముందుగా యీ విషయం మనకెందుకు కావాలో చెబుతాం. మన మొహల్లాల్లో రెండు రకాల భయాలు వున్నాయి. అర్ధరాత్రి పక్కింట్లో ఆడకూతురి యేడుపు వినిపించినా, వీధిలో రెండు గుంపులు రాళ్లు పట్టుకు నిలబడినా, ఫోను తీయటానికి చెయ్యి రాదు. "మన పేరు, మన గొంతు వాళ్ల దగ్గర వుండిపోతుంది, రేపు మనల్నే పిలుస్తారు" అనేది ఒక భయం. "ఫోను చేసినా రారు, వచ్చినా మన మాట వినరు, తర్వాత అడిగితే అసలు ఫోనే రాలేదంటారు" అనేది రెండో భయం. మొదటిది రికార్డు వుంటుందని భయం, రెండోది రికార్డు వుండదని భయం. యీ రెంటినీ ఒకేసారి మోస్తూ మనం చేసే పని యేమిటయ్యా అంటే, ఊరుకోవటం. ఆ ఊరుకోవటం వల్ల నష్టపోయేది యెవరో మేము చెప్పనక్కరలేదు.

మాట ఒక నోటినుంచి యింకో నోటికి పోయేసరికి యెలా మారుతుందో తెలుసుకోవటానికి స్టేషను భాషే మంచి ఉదాహరణ. ఫిర్యాదు, దర్యాప్తు, జామీను, హాజరు, వకీలు, యివన్నీ ఫార్సీ అరబీల నుంచి తెలుగులోకి వచ్చి స్థిరపడిన మాటలే. వాటిలో ఒక మాట మాత్రం తలకిందులుగా వచ్చింది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా తెచ్చినవాడు, అనగా ఫిర్యాది. యెవరి మీద తెచ్చాడో అతను ముద్దా అలైహ్. తెలుగులోకి వచ్చేసరికి ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు అయి కూర్చున్నాడు! క్లాసులో యిది చెబితే పిల్లలు నవ్వుతారు. స్టేషను గడప తొక్కిన పేదవాడికి మాత్రం యిది నవ్వులాట కాదు. తాను చెప్పింది ఒకటి, కాయితం మీద పడింది మరొకటి అని వాపోయేవాళ్లు ప్రతి ఊళ్లోనూ వున్నారు. మాట పుట్టినప్పుడు యెలా వుందో అలాగే నిలిపి వుంచే సాధనం వుంటే బలహీనుడికే యెక్కువ లాభం. బలవంతుడి మాటకు సాక్షులు యెలాగూ దొరుకుతారు.

యిక అసలు సంగతికి వద్దాం. పోలీసులకు రేడియో కొత్తది కాదు. అమెరికాలో డెట్రాయిట్ నగర పోలీసులు 1928లో కార్లలో రేడియో రిసీవర్లు పెట్టి వార్తలు పంపటం మొదలుపెట్టారు. అప్పట్లో ఆఫీసు చెప్పటమే గాని కారులో వున్నవాడు తిరిగి జవాబు చెప్పే వీలు లేదు. 1930లలో రెండువైపులా మాట్లాడుకునే సెట్లు వచ్చాయి. లండన్‌లో 999 అనే అత్యవసర నంబరు 1937లో మొదలైంది. అమెరికాలో 911 అనే నంబరుకు మొట్టమొదటి కాలు 1968 ఫిబ్రవరిలో, అలబామా రాష్ట్రంలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లో జరిగింది. మన దేశంలో పోలీసు వైర్‌లెస్ సమన్వయం కోసం కేంద్రంలో ఒక డైరెక్టరేటు 1946లోనే యేర్పడింది. మనకు 100 నంబరు చిన్నప్పటినుంచీ తెలుసు. యిప్పుడు దానికి తోడు 112 వున్నది. పోలీసు, ఫైరు, అంబులెన్సు అన్నిటికీ ఆ ఒక్క నంబరు చాలు.

కంట్రోలు రూముల్లో యీ మాటలను పట్టి వుంచే యంత్రం మన యిళ్లలో కవ్వాలీలు, ముషాయిరాలు విన్న టేప్ రికార్డరుకు పెద్దన్న వంటిది. యింటి టేపు మీద రెండో నాలుగో ట్రాకులుంటే, దాని వెడల్పు టేపు మీద చాలా ట్రాకులు వుండేవి. ఒక ట్రాకు మీద ఒక టెలిఫోను లైను, యింకోదాని మీద ఒక రేడియో చానెలు, మరోదాని మీద గడియారం వేళ. టేపు చాలా నెమ్మదిగా తిరుగుతుంది గనుక గంటల తరబడి నడిచేది. యిప్పుడు టేపు పోయి కంప్యూటరు వచ్చింది గాని సూత్రం అదే. యిందులో గొంతు యెంత ముఖ్యమో వేళ కూడా అంత ముఖ్యం. యెవరు యేమన్నారు అనేదొకటి. యెన్ని గంటల యెన్ని నిమిషాలకు అన్నారు, ఆ తర్వాత యెన్ని నిమిషాలకు బండి కదిలింది అనేది రెండోది. న్యాయం చాలాసార్లు యీ రెండోదాని మీదే ఆధారపడుతుంది.

మరి యంత్రం పట్టిందంతా నిజమేనా? దీనికి ప్రపంచమంతా యెరిగిన ఒక ఉదాహరణ వుంది. 1963 నవంబరు 22న అమెరికా అధ్యక్షుడు కెనెడీ డల్లాస్ నగరంలో కాల్పులకు బలి అయ్యాడు. ఆ రోజు డల్లాస్ పోలీసులకు రెండు రేడియో చానెళ్లు నడుస్తున్నాయి. రోజువారీ పనుల మాటలు ఒకటో చానెల్లో, అధ్యక్షుడి ఊరేగింపు మాటలు రెండో చానెల్లో. మొదటిది ప్లాస్టిక్ బెల్టు మీద, రెండోది పలచటి ప్లాస్టిక్ పళ్లెం మీద రికార్డవుతున్నాయి. మాట వినపడితే తిరగటం, నిశ్శబ్దం వస్తే ఆగటం, యిదీ ఆ యంత్రాల యేర్పాటు. సరిగ్గా కాల్పుల వేళకు దగ్గరగా ఒక పోలీసు మోటారు సైకిలు మైకు బటను ఇరుక్కుపోయి, అయిదు నిమిషాలకు పైగా ఆ చుట్టుపక్కల చప్పుడంతా ఒకటో చానెల్లోకి పోతూనే వుంది.

పదిహేనేళ్ల తర్వాత అమెరికా పార్లమెంటు వేసిన ఒక కమిటీ ఆ బెల్టును బయటకు తీసింది. 1978 ఆగస్టులో అదే చోట మైకులు అమర్చి, ఇసుక బస్తాల మీద నిజమైన తుపాకులు పేల్చి ఆ చప్పుళ్లతో పోల్చి చూశారు. బెల్టు మీద నాలుగు గుళ్ల చప్పుడు వుంది, అందులో ఒకటి వేరే దిక్కునుంచి వచ్చింది, యిది నిజం కావటానికి 95 శాతం అవకాశం వుంది అని నిపుణులు చెప్పారు. దాని మీద ఆధారపడి 1979లో కమిటీ, బహుశా యిది ఒక కుట్ర అని నిర్ణయానికి వచ్చింది.

తర్వాత యేం జరిగిందో వినండి. ఒక పత్రికవారు ఆ రికార్డింగును పలచటి ప్లాస్టిక్ రికార్డుగా వేసి తమ సంచికతో పంచిపెట్టారు. ఒహాయో రాష్ట్రంలో డ్రమ్ము వాయించే ఒక యువకుడు దాన్ని పదే పదే పెట్టుకుని విన్నాడు. తుపాకీ చప్పుళ్లు అంటున్న చోటే వెనకాల సన్నగా యెవరిదో మాట అతని చెవిన పడింది. అది రెండో చానెల్లో జిల్లా షెరీఫు అన్న మాట. పరిశోధకులు వచ్చేదాకా అక్కడ అంతా భద్రంగా వుంచండి అని ఆయన ఆజ్ఞ. అధ్యక్షుడికి గుండు తగిలాకే గదా ఆ మాట అనగలడు! నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌వారు హార్వర్డ్ భౌతికశాస్త్రవేత్త నార్మన్ రామ్సే అధ్యక్షతన పన్నెండుమందితో కమిటీ వేసి పరీక్షించారు. ఆ చప్పుళ్లు కాల్పులైన సుమారు ఒక నిమిషం తర్వాతివని, అవి గుళ్ల చప్పుళ్లు కావని 1982లో నివేదిక యిచ్చారు. 2001లో మళ్లీ దీనిపై వాదం లేచింది, 2005లో మళ్లీ జవాబు వచ్చింది. చూశారా, ఒక్క నిమిషం తేడాతో ఒక దేశ చరిత్రే రెండు విధాలుగా చదవవలసి వచ్చింది.

యీ కథ యెందుకు చెప్పామంటే, రికార్డింగు సాక్షి వంటిది, ఖాజీ వంటిది కాదు. సాక్షిని ప్రశ్నించాలి. యీ విద్య మన పూర్వులకు కొత్త కాదు. హదీసు విద్వాంసులు ఒక మాట విన్నప్పుడు ముందుగా అడిగేది సనదు. నీకు యెవరు చెప్పారు, ఆయనకు యెవరు చెప్పారు, వాళ్లిద్దరూ ఒకే కాలంలో వున్నారా, కలుసుకున్నారా, ఆయన జ్ఞాపకశక్తి యెటువంటిది, నిజాయితీ యెటువంటిది అని గొలుసులో ప్రతి కొక్కేన్నీ లాగి చూసేవారు. ఒక్క కొక్కెం తెగినా ఆ మాటకు బలం తగ్గేది. క్రీస్తుశకం 870లో పరమపదించిన ఇమాం బుఖారీ మొదలైనవారు జీవితాలు ధారపోసింది యీ పనికే.

యిప్పుడు మన సుప్రీంకోర్టు టేపుల గురించి యేమన్నదో చూడండి. 1972లో మల్కానీ కేసులో టెలిఫోను సంభాషణ టేపును సాక్ష్యంగా తీసుకోవచ్చునన్నది. 1985లో హర్యానా ఎన్నికల వివాదమైన రాంసింగ్ కేసులో షరతులను వివరంగా చెప్పింది. గొంతు ఫలానావారిదేనని గుర్తించాలి. రికార్డింగు ఖచ్చితమైనదని రుజువు కావాలి. యెక్కడా తుడపటం, అతకటం జరిగే అవకాశం లేదని తేలాలి. కేసుకు సంబంధించినదై వుండాలి. టేపును సీలు వేసి భద్రంగా వుంచి వుండాలి. మాట స్పష్టంగా వినిపించాలి. మన సనదు శాస్త్రం చదివినవారికి యివి పాత చుట్టాల్లా కనిపించటం లేదూ? యిప్పటి కంప్యూటరు రికార్డులకైతే సర్టిఫికెట్టు కావాలని 2014లోనూ, 2020లోనూ సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో వున్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షను దానికే. ఫైలుకు హాష్ అనే ఒక అంకెల వేలిముద్ర తీసి అందులో రాయాలి. ఫైల్లో ఒక్క చుక్క మారినా ఆ వేలిముద్ర మారిపోతుంది.

యిక నాణేనికి రెండోవైపు చూద్దాం. రికార్డు చేసే చెయ్యి హద్దు దాటితే? 1989 నవంబరులో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో ఒక సంగతి బయటపడింది. అక్కడి రాష్ట్ర పోలీసు స్థావరాలలో వచ్చే పోయే ఫోన్లన్నీ యేళ్ల తరబడి రికార్డవుతున్నాయి. అందులో అరెస్టయినవాళ్లు తమ వకీళ్లతో మాట్లాడుకున్న మాటలు కూడా వున్నాయి. వకీలుతో మాట్లాడేది రహస్యం. అది పోలీసు చెవిన పడితే యిక న్యాయం యెక్కడిది? పెద్ద దుమారం లేచి కోర్టుల్లో దావాలు పడ్డాయి. అమెరికాలో 1968 నాటి చట్టం, పోలీసువారు తమ విధి నిర్వహణలో మామూలుగా చేసే రికార్డింగుకు మినహాయింపు యిచ్చింది. కాని మామూలు విధి అంటే యెంతవరకు అన్నదే అక్కడ తగాదా. సహాయం కోసం వచ్చే లైను రికార్డు చేయటం వేరు. మనిషి వకీలుతోనో, భార్యతోనో మాట్లాడుకునేది చాటుగా వినటం వేరు.

ఖురానులో సూరె హుజురాత్ వున్నది. చిన్న సూరా, మీలో చాలామందికి కంఠస్థం. దాని ఆరో ఆయతులో, యెవరైనా వార్త తెస్తే విచారించి తెలుసుకోమని, తెలియక యెవరికైనా హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవద్దని ఆదేశం వుంది. అదే సూరా పన్నెండో ఆయతులో, ఒకరి గుట్టు ఒకరు తవ్వవద్దని, తజస్సుస్ చేయవద్దని నిషేధం వుంది. ఒకే సూరాలో యీ రెండూ దగ్గర దగ్గరగా వున్నాయి. నిజం తేల్చుకోవటం విధి, గూఢచర్యం నిషిద్ధం. పోలీసు రికార్డింగు గురించి మనం అనుకోవలసినదంతా యీ రెంటి మధ్యనే వుందని మాకు తోస్తుంది.

మన దేశంలోనూ యీ రెండు విషయాలూ ఒకే రోజు నిర్ణయమయ్యాయి. 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు రెండు తీర్పులు చెప్పింది. ఒకటి పౌరహక్కుల సంఘంవారు వేసిన టెలిఫోను ట్యాపింగు కేసు. హోం శాఖ కార్యదర్శి స్థాయిలో లిఖితపూర్వకమైన ఆజ్ఞ లేకుండా పౌరుల ఫోను వినకూడదని, ఆ ఆజ్ఞలను ఒక కమిటీ సమీక్షించాలని అందులో చెప్పింది. రెండోది డి.కె. బసు కేసు. మనిషిని అరెస్టు చేస్తే మెమో రాయాలని, యింట్లోవారికి తెలియజేయాలని చెబుతూ యింకో సంగతి కూడా పెట్టింది. అరెస్టయిన 12 గంటల్లోగా ఆ సమాచారం, మనిషిని యెక్కడ వుంచారో ఆ వివరం, పోలీసు కంట్రోలు రూముకు అందాలి, అక్కడ నోటీసు బోర్డు మీద కనిపించాలి. కుర్రవాణ్ణి తీసుకుపోయారు, యే స్టేషనులో వున్నాడో తెలియదు అని తిరిగే తల్లిదండ్రులు ముందుగా యీ మాట గుర్తుంచుకోవాలి.

2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. అయినా ఆరోపణలు ఆగలేదు. అక్రమంగా ఫోన్లు ట్యాప్ చేశారన్న ఆరోపణ మీద 2024 మార్చిలో హైదరాబాదులో కేసు నమోదై కొందరు పోలీసు అధికారులు అరెస్టయిన సంగతి మీరు పేపర్లలో చదివారు. తప్పొప్పులు కోర్టు తేలుస్తుంది. మనం గ్రహించవలసినది ఒక్కటే. 112కు మనం చేసిన ఫోను రికార్డు కావటం ట్యాపింగు కాదు. అది మన సాక్ష్యం. దాన్ని చూసి భయపడి నోరు మూసుకోవద్దు.

భయపడవలసినది రికార్డు లేనిచోట. 1992 డిసెంబరు, 1993 జనవరిల్లో జరిగిన ముంబయి అల్లర్ల మీద జస్టిస్ శ్రీకృష్ణ కమిషన్ నివేదిక 1998లో వచ్చింది. ఆపదలో వున్నవారు, ముఖ్యంగా ముస్లింలు, సహాయం కోరినప్పుడు పోలీసుల స్పందన నిర్లక్ష్యంగా వుందని ఆ నివేదిక తప్పుపట్టింది. అటువంటి రోజుల్లో యెవరు యెప్పుడు పిలిచారు, యెవరు యేం జవాబిచ్చారు అనేది యెంత విలువైన సంగతో వేరే చెప్పాలా? న్యాయంగా పనిచేసిన పోలీసుకు కూడా రికార్డే రక్ష. పిలిచిన ఆరు నిమిషాల్లో పరుగెత్తి వచ్చిన కానిస్టేబులు మీద, రాలేదని నింద వేస్తే అతన్ని కాపాడేదీ ఆ యంత్రమే.

యిక మన అలవాట్ల సంగతి. యిది కొంచెం నిష్ఠూరంగా వుంటుంది, పెద్దలు క్షమించాలి. యేదైనా గొడవ జరిగితే మనం 100కు చేయం. గల్లీ లీడరు సాబ్‌కు చేస్తాం. ఆయన యింకో పెద్దమనిషికి చేస్తాడు. ఆయన యస్.ఐ.గారి సెల్లుకు చేస్తాడు. యీ మూడు ఫోన్లలో ఒక్కటీ కంట్రోలు రూము రికార్డులో పడదు. రేపు కేసు తిరగబడితే మనం పిలిచామనటానికి ఆధారం లేదు. సిఫారసు దారిలో పోయినవాడికి కృతజ్ఞత మిగులుతుంది గాని కాయితం మిగలదు. లీడరుకు చెప్పుకోండి, మేము కాదనం. కాని ముందు 112కు చెప్పి, ఆ తర్వాత చెప్పుకోండి.

యింకొక పొరపాటు అభిప్రాయం వుంది. ఫోను చేశాం గనుక కేసు అయిపోయింది అనుకుంటాం. కాదు. యెవరో ఫోనులో క్లుప్తంగా ఫలానా చోట కాల్పులు జరిగాయని చెప్పినంత మాత్రాన అది ఎఫ్.ఐ.ఆర్. కాదని 1970లోనే తపిందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఫోను పోలీసును పిలవటానికి. ఫిర్యాదు చేసేది రాతలో. నేరం కాగ్నిజబుల్ అయితే ఎఫ్.ఐ.ఆర్. తప్పక నమోదు చేయాలని 2013లో లలితా కుమారి కేసులో అయిదుగురు న్యాయమూర్తులు చెప్పారు. వచ్చిన సమాచారం స్టేషను జనరల్ డైరీలో యెక్కాలని కూడా చెప్పారు. యిప్పటి నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం యే స్టేషనులోనైనా ఫిర్యాదు యివ్వవచ్చు, మా హద్దు కాదు పొమ్మనకూడదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. కాపీ ఉచితంగా యివ్వాలి. తీసుకోకపోతే యస్.పి.గారికి పోస్టులో పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు వున్నారు.

2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో యింకో మంచి తీర్పు వచ్చింది. ప్రతి పోలీసు స్టేషనులో మాటా బొమ్మా రెండూ పట్టే కెమెరాలు పెట్టాలని, ఆ రికార్డు 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఒక సంవత్సరమైనా వుంచాలని ఆదేశించింది. తీర్పు వచ్చినంత మాత్రాన ప్రతి మూలా కెమెరా పనిచేస్తుందని అనుకోవద్దు. కాని అడిగే హక్కు మనకు వచ్చింది. యిక్కడ గుర్తుంచుకోవలసిన మాట గడువు. యే రికార్డూ శాశ్వతం కాదు. కొంతకాలం తర్వాత పాతదాని మీద కొత్తది పడుతుంది. పెద్దమనుషుల పంచాయతీలో ఆరు నెలలు గడిపి, ఆ తర్వాత రికార్డు కావాలంటే యంత్రంలో యేమీ వుండకపోవచ్చు.

కాబట్టి మేము చెప్పే నాలుగు పనులు చిన్నవి, ఖర్చు లేనివి.

మొదటిది, ఫోనులో మాట్లాడటం నేర్చుకుందాం. పేరు, చోటు, యేం జరుగుతోంది, యెవరికైనా దెబ్బలు తగిలాయా, యీ నాలుగూ చెబితే చాలు. తిట్లు, ఊహలు, ఫలానావాడే చేశాడనే నిందలు వద్దు. అవి కూడా రికార్డవుతాయి, రేపు మన నోటి మాటే మనకు యెదురు నిలుస్తుంది. మన యిళ్లలో చాలామంది అమ్మీలకు, నానీలకు ఉర్దూ తప్ప రాదు. యింటి నంబరు, వీధి, దగ్గరి మసీదో బడో గుర్తుగా తెలుగులో చెప్పటం వాళ్లకు పిల్లలే నేర్పాలి. మేము క్లాసులో పిల్లలచేత యిది పలికిస్తూనే వున్నాం. పద్యం వల్లించినట్టు వల్లిస్తున్నారు.

రెండోది, వేళ రాసుకోవటం. యెన్ని గంటలకు చేశాం, యే నంబరు నుంచి చేశాం, యెవరు యెత్తారు, బండి యెప్పుడు వచ్చింది. ఫోనులోని కాల్ లిస్టు చెరపవద్దు.

మూడోది, వెంటనే అడగటం. గొడవ పెద్దదైతే వారంలోపే యస్.పి.గారికో కమిషనరుగారికో ఒక దరఖాస్తు రాయండి. ఫలానా రోజు, ఫలానా వేళ మేము చేసిన ఫోను రికార్డింగు, స్టేషను కెమెరా రికార్డు చెరిగిపోకుండా వుంచండి అని. దాని రసీదు దాచుకోండి. సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం కూడా అడగవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లో రావాలి. దర్యాప్తు పేరుతో కాదనవచ్చు. అప్పుడు కోర్టు ద్వారా తెప్పించుకునే దారి వున్నది. సంహిత 94వ సెక్షను అందుకే.

నాలుగోది, మన చేతిలోని ఫోను సంగతి. యెవరైనా కుర్రవాడు సంఘటనను రికార్డు చేస్తే, దాన్ని కత్తిరించి, పాట జోడించి పదిమందికి పంపవద్దు. అసలు ఫైలు, అసలు ఫోను అలాగే వుంచాలి. పంపిన ప్రతి కాపీతో గొలుసులో ఒక కొక్కెం బలహీనపడుతుంది. యిక యెక్కడినుంచో వచ్చిన గొంతు, యెవరిదో తెలియని టేపు విని ఊరు భగ్గుమనటం మనం చూశాం. అటువంటిది చేతికి వస్తే హుజురాత్ ఆరో ఆయతును తలచుకుని ఆపేయండి. మన మీద అబద్ధపు టేపు వస్తే యెంత బాధపడతామో, యింకొకరి మీద వచ్చినప్పుడూ అంతే బాధపడాలి. మనవాడే తప్పు చేశాడని రికార్డు చెబితే దాన్ని కూడా ఒప్పుకోవాలి. తమకూ తమవారికీ వ్యతిరేకమైనా సరే న్యాయానికి సాక్షులుగా నిలవమని సూరె నిసాలో మనకు ఆజ్ఞ వుంది.

చివరగా సంఘంవారికి ఒక మనవి. ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టండి. మొహల్లాలో యెవరు యెప్పుడు పోలీసు సహాయం కోరినా, జవాబు యెలా వచ్చినా, మంచిగా వచ్చినా చెడ్డగా వచ్చినా, తేదీ వేళతో అందులో రాయించండి. మంచిగా స్పందించిన స్టేషనుకు ధన్యవాదాల ఉత్తరం కూడా రాయండి. దరఖాస్తుల నమూనాలు తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి అచ్చు వేసి గోడకు అంటించండి. రిజిస్టరు చూడటానికి ఇద్దరు వాలంటీర్లు కావాలి. వారిలో ఒకరు తప్పకుండా స్త్రీ అయి వుండాలి. రాత్రివేళ ఆడవాళ్లు తమ బాధ చెప్పుకోవలసినది ఆమెకే గదా. ఉర్దూ నమూనా రాసిచ్చే పని మాది. వచ్చే జుమా నాటికి యిస్తాం.

మన భుజాల మీద కిరామన్ కాతిబీన్ కూర్చుని ప్రతి మాటా రాస్తున్నారని నమ్మే జనం మనం. మాట రికార్డవుతుందంటే మనం ఉలికిపడనక్కరలేదు. నిజం చెబుతూ, దాని వేళ గుర్తుంచుకుంటే చాలు.